దూరకక్ష్యల మహాగ్రహాలను పట్టడానికి ఏ పద్ధతి మేలు?

బాహ్యగ్రహాల (ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: మన గురుగ్రహంలా నక్షత్రానికి దూరంగా తిరిగే పెద్ద గ్రహాన్ని కనిపెట్టడానికి ఏ పద్ధతిని నమ్ముకోవాలి? నా దృష్టిలో దీన్ని తేల్చేది పరికరం సూక్ష్మత కన్నా కాలం. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. మన పుష్కరాల లెక్క పుట్టింది అందులోంచే. ఆ చుట్టులో ఎంత భాగం చూస్తే గ్రహం ఉనికినీ ద్రవ్యరాశినీ నిశ్చయంగా చెప్పగలమన్నదే అసలు పరీక్ష.

ఈ పరీక్షలో, గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రకాంతి తగ్గడాన్ని గమనించే ట్రాన్సిట్ పద్ధతి మొదటే వెనకబడుతుంది. గురుని వంటి గ్రహం తన నక్షత్రానికీ మనకూ సరిగ్గా మధ్యగా వచ్చే అవకాశం సుమారు వెయ్యింట ఒకటి, అదీ పుష్కరానికొకసారి. ముందున్న నక్షత్రం, దాని గ్రహం తమ గురుత్వంతో వెనకటి నక్షత్రపు వెలుగును పెంచడాన్ని గమనించే మైక్రోలెన్సింగ్ దూరగ్రహాలను పట్టగలదు గాని, ఆ ఘటన మళ్లీ జరగదు.

గ్రహం లాగడం వల్ల నక్షత్రం మనవైపూ అవతలికీ ఊగే వేగాన్ని దాని కాంతిలోని మార్పుతో కొలిచే డాప్లర్ పద్ధతి సంగతి వేరు. గురుడు సూర్యుణ్ణి సెకనుకు 12.5 మీటర్ల వేగంతో ఊపుతాడు; అంతటి కదలికను కొలవడం నేటి పరికరాలకు కష్టం కాదు, దశాబ్దాల పాటు అదే నిలకడతో కొలవడమే కష్టం. పైగా సూర్యుని మచ్చల చక్రం కూడా సుమారు 11 ఏళ్లే కనుక, అటువంటి నక్షత్రంలో దాని అలజడిని గ్రహంగా పొరబడే ప్రమాదం ఉంది. ఎప్సిలాన్ ఎరిడాని అనే నక్షత్రం చుట్టూ 2000లో ప్రకటించిన గ్రహంపై ఏళ్ల తరబడి వాదం నడవడానికి నక్షత్రపు చురుకుదనమే ముఖ్య కారణం. కక్ష్య వాలు తెలియదు కాబట్టి ఈ పద్ధతి చెప్పేది కనీస ద్రవ్యరాశినే.

నేరుగా ఫొటో తీయగలిగితే చుట్టు పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. అయితే 2008లో హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ కనిపించిన గ్రహాలు పుట్టి కొన్ని కోట్ల ఏళ్లే అయినందున, ఇంకా వేడిగా వెలుగుతున్నాయి. చల్లారిన గురుని వెలుగు సూర్యకాంతిలో వందకోట్లవ వంతు మాత్రమే.

నా మొగ్గు ఆకాశంలో నక్షత్రం స్థానాన్ని కొలిచే ఆస్ట్రోమెట్రీ వైపు. గ్రహం దూరమయ్యే కొద్దీ డాప్లర్ సంకేతం బలహీనపడుతుంది, ఇక్కడ మాత్రం నక్షత్రం ఊగిసలాట పెరుగుతుంది. నిజమైన ద్రవ్యరాశీ దక్కుతుంది. 1989–93లో పనిచేసిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను దాని తర్వాతి గయా ఉపగ్రహం కొలతలతో పోల్చితే పాతికేళ్ల వ్యవధి చేతికొస్తుంది. కెమెరాను ఎటు తిప్పాలో కూడా ఆ రెండు కొలతల మధ్య తేడాయే చెబుతుంది: 2023లో ఏఎఫ్ లెపోరిస్ నక్షత్రపు గ్రహం అలాగే చిక్కింది.

ఈ మార్గానికీ పొరపాట్లున్నాయని ఒప్పుకోవాలి. 12 కాంతి సంవత్సరాల దూరంలోని ఎప్సిలాన్ ఇండి నక్షత్రపు గ్రహం గురునికి సుమారు మూడు రెట్ల బరువుతో, 45 ఏళ్ల కక్ష్యలో ఉందని డాప్లర్, ఆస్ట్రోమెట్రీ కలిపిన లెక్కలు తేల్చాయి. 2024లో వెలువడిన జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రంలో అది ఊహించిన చోట లేదు, బరువు దాదాపు ఆరు రెట్లని తేలింది. చుట్టులో చిన్న ముక్కనే చూసి మిగతాది ఊహించడం వల్ల వచ్చిన తేడా ఇది.

2026 డిసెంబరుకు విడుదల చేయాలని ఐరోపా అంతరిక్ష సంస్థ నిర్ణయించిన గయా నాలుగో సమాచార సంపుటిలో ఐదున్నరేళ్ల కొలతలు ఉంటాయి. గురుని వంటి గ్రహానికి అది సగం చుట్టు కూడా కాదు. మిగతా సగానికి పాత డాప్లర్ రికార్డులే ఆధారం కనుక, ఆ పరిశీలనలను మధ్యలో ఆపకూడదని గట్టిగా కోరుతున్నాను.