హెల్పరా, యుటిల్సా, పని పేరా? పక్క క్లాసుకి ఏ పేరు మేలు?

"ఆర్డర్ క్లాసులో ఇమడని మెథడ్లు వేరే క్లాసులో పెడుతున్నాను. ఆర్డర్‌హెల్పర్ అనాలా, ఆర్డర్‌యుటిల్స్ అనాలా?" జావా కోడ్ రాసేటప్పుడు టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. (మెథడ్ అంటే ఒక పని చేసే కోడ్ ముక్క, క్లాసు అంటే అలాంటివాటిని కలిపి పెట్టే చోటు.) ఏదైనా ఒకటేలే అని నేనూ చాలాకాలం చెప్పాను. ఈమధ్య నేను పెట్టిన ఆర్డర్‌హెల్పర్‌నే నేను విడగొట్టాల్సి వచ్చాక అలా చెప్పడం మానేశాను.

దాన్ని తెరిస్తే డిస్కౌంట్ లెక్క ఉంది, తేదీని చూపించే ఫార్మాట్ ఉంది, ఫోన్ నంబర్లో అంకెలు దాచే మెథడ్ ఉంది. వీటి మధ్యలో లాస్ట్‌ఆర్డర్‌ఐడీ అని ఒక స్టాటిక్ వేరియబుల్, అంటే ప్రోగ్రామంతా పంచుకునే ఒకే విలువ. దాని పుణ్యమా అని రెండు టెస్టులు విడివిడిగా పాసవుతాయి, కలిపి నడిపితే ఒకటి పడిపోతుంది. ఆ వేరియబుల్ పెట్టినవాళ్లను ఏమనగలం? హెల్పర్ అన్నాక ఏదైనా సాయమే కదా!

అందుకే నా దృష్టిలో అసలు పరీక్ష ఒక్కటే: కొత్త మెథడ్ వచ్చినప్పుడు "నీ చోటు ఇది కాదు" అని ఆ పేరు చెప్పగలగాలి. హెల్పర్ చెప్పలేదు. ఆండ్రాయిడ్‌లోని ఎస్‌క్యూలైట్‌ఓపెన్‌హెల్పర్ బాగానే ఉంది కదా అంటారేమో. అక్కడ బరువు మోస్తున్నది 'ఓపెన్' అన్న మాట. డేటాబేస్ తెరవడం, లేకపోతే సృష్టించడం, వెర్షన్ మారితే అప్‌గ్రేడ్ చేయడం, ఇంతే దాని పని.

యుటిల్స్ కాస్త నయం. అన్నీ స్టాటిక్ మెథడ్లే (ఆబ్జెక్ట్ సృష్టించకుండా నేరుగా పిలిచేవి), స్టేట్ ఉండదు అంటే ఏ విలువా గుర్తుపెట్టుకోదు, ఎవరూ దాని ఆబ్జెక్ట్ సృష్టించకుండా ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్ పెడతారు అని ఆ పేరు చూడగానే తెలుస్తుంది. చిక్కేమిటంటే అందరూ అదే పేరు పెడతారు. అపాచీ కామన్స్ అనే జావా లైబ్రరీలో స్ట్రింగ్‌యుటిల్స్ ఉంది, స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఉంది. ఐడీఈ (కోడ్ రాసే ఎడిటర్) చూపించిన మొదటి ఇంపోర్ట్ నొక్కేసి, అపాచీ దాంట్లో మాత్రమే ఉన్న ఈజ్‌బ్లాంక్ మెథడ్ ఎందుకు రావట్లేదా అని తల గోక్కోవడం నాకు కొత్త కాదు.

జావా సొంత పద్ధతి బహువచనం: కలెక్షన్స్, అర్రేస్, జావా 7లో వచ్చిన ఆబ్జెక్ట్స్, ఫైల్స్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మన కోడ్‌లో 'ఆర్డర్స్' అని పెడితే అది ఆర్డర్ల జాబితా అనుకునే ప్రమాదం ఉంది. పైగా జావా 8 నుంచి ఇంటర్‌ఫేస్‌లోనే (ఏయే మెథడ్లు ఉండాలో చెప్పే రకంలోనే) స్టాటిక్ మెథడ్లు రాయొచ్చు కాబట్టి, కలెక్షన్ పక్కన కలెక్షన్స్ లాంటి ఈ జంట క్లాసుల అవసరమూ తగ్గింది. ఉదాహరణకి, జావా 11లో పాత్ ఇంటర్‌ఫేస్‌లోనే పాత్.ఆఫ్ వచ్చాక పాత్స్.గెట్ బదులు దాన్నే వాడమని డాక్యుమెంటేషనే చెబుతోంది.

'మేనేజర్' అనే పేరు గురించి చెప్పడానికేం లేదు, పెద్ద జీతం తీసుకునే హెల్పర్. సీ షార్ప్‌లో ఎక్స్‌టెన్షన్ మెథడ్లకైతే (ఉన్న రకానికి బయటి నుంచి జోడించే మెథడ్లు) వాటి క్లాసు పేరు చివర 'ఎక్స్‌టెన్షన్స్' అని పెట్టేయండి, అదే వాడుక. కాట్లిన్‌లో ఫంక్షన్‌ని క్లాసు బయటే రాసుకోవచ్చు.

నా ఓటు పని పేరుకే. డిస్కౌంట్‌కాలిక్యులేటర్, ఫోన్‌మాస్కర్ అని విడగొట్టాను. ఫోన్‌మాస్కర్‌లో తేదీ ఫార్మాట్ పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి ఆగుతుంది. ఫైళ్లు పెరిగాయన్న మాట నిజమే, రివ్యూలో ఆ సణుగుడు ఇంకా వినిపిస్తోంది. లాస్ట్‌ఆర్డర్‌ఐడీని తీసేశాను. ఎంత ఆలోచించినా పేరు తట్టని మెథడ్లు రెండు మిగిలాయి. అవి ప్రస్తుతానికి ఆర్డర్‌యుటిల్స్‌లో ఉన్నాయి.