డబ్బా మీది లీటర్లు, బెడ్‌లో పడే లీటర్లు: ఇంటి ఆక్వాపోనిక్స్‌కి 40 వాట్ల సబ్‌మెర్సిబుల్ పంపు రివ్యూ

ఆక్వాపోనిక్స్ అంటే చేపల తొట్టి నీళ్లను మొక్కలు పెరిగే కంకర బెడ్లలోకి తోడి, మళ్లీ తొట్టిలోకే వదిలే పద్ధతి. ఇంట్లో చిన్న ఆక్వాపోనిక్స్ పెట్టుకునేవాళ్లు చాలామంది మొదట కొనే పంపు ఈ రకమే. నీళ్లలో మునిగి ఉంటుంది, అయస్కాంతపు రోటార్‌తో తిరుగుతుంది, 40 వాట్ల ఏసీ మోటారు. డబ్బా మీద గంటకు 2500 లీటర్లు, గరిష్ఠ హెడ్ (నీళ్లను ఎక్కించే ఎత్తు) 2.5 మీటర్లు అని ఉంటుంది. 500 లీటర్ల చేపల తొట్టి, 250 లీటర్ల కంకర బెడ్లు రెండు ఉన్న సెటప్‌కి ఇది బాగా సరిపోతుంది. మూడో బెడ్ కూడా దీని మీదే వేద్దామంటే చాలదు. ఎందుకు చాలదో ఆ రెండు అంకెల్లోనే ఉంది.

2500 లీటర్లంటే పైపు, ఎత్తు ఏమీ లేకుండా పంపు మూతి దగ్గర వచ్చే నీళ్లు. 2.5 మీటర్లంటే నీళ్లు అంతవరకు ఎక్కి, ఇక చుక్క కూడా బయటికి రాకుండా ఆగిపోయే ఎత్తు. రెండూ ఒకేసారి ఎప్పుడూ దొరకవు. డబ్బా మీద గ్రాఫ్ ఉంటే మీ ఎత్తు దగ్గర చూసుకోండి. లేకపోతే ఈ రెండు బిందువులనూ కలుపుతూ కాగితం మీద తిన్నని గీత గీయండి, లెక్కకు అది చాలు. తొట్టి నీటిమట్టం నుంచి బెడ్ అంచు దాటే పైపు వరకు 1.2 మీటర్లు, పైపు రాపిడికీ ఎల్బోలకూ (పైపు వంపు జాయింట్లకూ) ఇంకో 20 సెంటీమీటర్లు వేస్తే మొత్తం 1.4 మీటర్లు. ఆ గీత మీద 1.4 దగ్గర గంటకు సుమారు 1100 లీటర్లు వస్తుంది. డబ్బా మీద ఉన్నదాంట్లో సగం కూడా కాదు. అయినా మన పనికి అది చాలు: తొట్టిలో నీళ్లు గంటకు ఒకసారైనా పూర్తిగా తిరగాలి, ఇక్కడ రెండుసార్లు తిరుగుతాయి.

ఎత్తు కొలిచేటప్పుడు చాలామంది నిండు తొట్టి దగ్గర టేపు పెడతారు. సంప్ (బెడ్ల నుంచి దిగే నీళ్లు చేరే విడి తొట్టి) లేని సెటప్‌లో అది తప్పు. 30 సెంటీమీటర్ల లోతున్న బెడ్‌లో 25 సెంటీమీటర్ల వరకు నీళ్లు నిండితే, కంకర సందుల్లో ఒక్కో బెడ్‌కి 80 లీటర్ల పైనే పడతాయి. రెండు బెడ్లూ ఒకేసారి నిండితే తొట్టిలో దాదాపు మూడో వంతు తగ్గుతుంది, 60 సెంటీమీటర్ల లోతు తొట్టిలో మట్టం 20 సెంటీమీటర్లు దిగుతుంది. హెడ్ కూడా అంత పెరుగుతుంది. కాబట్టి అతి తక్కువ మట్టం నుంచే కొలవాలి. మట్టం ఇలా ఎక్కి దిగడం చేపలకూ మంచిది కాదు. చోటుంటే విడిగా 200 లీటర్ల సంప్ పెట్టి పంపును అందులో దించడమే నా సలహా.

పంపుతో పాటు వచ్చే సన్నటి ట్యూబు పక్కన పెట్టేయండి. నీటి ప్రవాహం అంతే ఉన్నప్పుడు పైపు వ్యాసం సగమైతే రాపిడి 30 రెట్ల దాకా పెరుగుతుంది. పంపు మూతి 20 మి.మీ. ఉన్నా, దాని మీద అడాప్టర్ వేసి 25 మి.మీ. పైపుతో పైకి తీసుకెళ్లాలి. ఎల్బోలు ఎంత తగ్గిస్తే అంత లాభం.

బిగించాక ఒకసారి బకెట్‌తో కొలవాలి. బెడ్ దగ్గర, అసలు ఎత్తులోనే, పైపు కింద 10 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 36,000ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు వస్తాయి. 33 సెకన్లు పడితే సుమారు 1090. ఆ అంకె పంపు మీదే మార్కర్‌తో రాసి పెట్టుకోండి. కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిస్తే పంపులో ఎంత మురికి పట్టిందో అదే చెబుతుంది.

ఈ పంపు నిజంగా పరీక్షకు నిలబడేది బెల్ సైఫన్ దగ్గర. బెడ్ నిండగానే నీళ్లన్నీ తనంతట తానే కిందికి లాగేసి, ఖాళీ కాగానే ఆగే ఏర్పాటు ఇది. స్టాండ్‌పైప్ అంటే బెడ్‌లో నిలువుగా ఉండే కాలువ పైపు, బెల్ అంటే దాని మీద బోర్లించే మూత పైపు. 25 మి.మీ. స్టాండ్‌పైప్, దాని మీద 75 మి.మీ. బెల్, చుట్టూ కంకర లోపలికి రాకుండా 110 మి.మీ. గార్డు పైపు ఉన్న సైఫన్‌కి ఒక్కో బెడ్‌లో గంటకు 200 నుంచి 500 లీటర్ల మధ్య నీళ్లు పడాలి. తక్కువైతే నీళ్లు స్టాండ్‌పైప్ అంచు మీంచి పల్చగా జారిపోతూనే ఉంటాయి, పైపు నిండా నీళ్లు పట్టవు, సైఫన్ మొదలుకాదు. బెడ్ ఎప్పుడూ నిండుగానే ఉండి వేళ్లకు గాలి అందదు. ఎక్కువైతే సైఫన్ మొదలవుతుంది కానీ ఆగదు. అడుగున నీళ్లు తగ్గి బెల్ కిందనుంచి గాలి దూరేలోపే కొత్త నీళ్లు వచ్చి పడుతుంటాయి, గరగరమంటూ అలాగే కారుతూ ఉంటుంది. మొదటి లోపానికి స్టాండ్‌పైప్ పైన గరాటులా ఒక రిడ్యూసర్ పెడితే చాలాసార్లు సరిపోతుంది. రెండోదానికి ప్రవాహం తగ్గించాల్సిందే.

తగ్గించడానికి పంపు వెలుపలి పైపు మీద ఒక టీ (T ఆకారపు జాయింట్) వేసి, ఒక కొమ్మను బాల్ వాల్వ్‌తో మళ్లీ తొట్టిలోకే వదలండి. బెడ్లకు చెరో 400 లీటర్లు పోను, మిగిలిన 300 లీటర్లు తొట్టి మీద పైనుంచి పడుతూ నీటిని కలుపుతాయి, కాస్త ఆక్సిజన్ కూడా ఇస్తాయి. మూడో బెడ్‌కి ఇంకో 400 కావాలి, ఈ 300 దానికి చాలవు. ఒక్కో బెడ్‌కి వెళ్లే పైపు మీద కూడా విడిగా వాల్వ్ ఉండాలి, లేకపోతే దగ్గరున్న బెడ్ ఎక్కువ నీళ్లు లాగేసుకుంటుంది. పంపు నీళ్లు పీల్చుకునే వైపు మాత్రం వాల్వ్‌తో ఎప్పుడూ అడ్డుకోకండి. ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే రెక్కల చక్రం) దెబ్బతింటుంది.

ఇక లోపలి సంగతి. ముందు మూత తిప్పితే ఇంపెల్లర్, అయస్కాంతం కలిసి ఒకే ముక్కగా బయటికి వస్తాయి, అదే రోటార్. మధ్యలో తెల్లటి సిరామిక్ షాఫ్ట్ (ఇరుసు), దాన్ని పట్టి ఉంచడానికి రెండు చివరలా చిన్న రబ్బరు బుష్‌లు. ఈ రకం పంపులో నాకు బాగా నచ్చింది ఇదే: స్క్రూడ్రైవర్ లేకుండా విప్పి కడగొచ్చు. సిరామిక్ తుప్పు పట్టదు, కానీ చేయిజారితే పుల్లలా విరుగుతుంది. బకెట్ నీళ్లలో పెట్టి విప్పడం మంచిది, ఆ చిన్న బుష్‌లు కూడా పోకుండా ఉంటాయి. స్టీల్ షాఫ్ట్ ఉన్న మోడల్ వద్దు. కొనేముందు ఇంకో రెండు విషయాలు చూడాలి. ఒకటి, మోటారు ఎపాక్సీతో (గట్టిపడే జిగురుతో) సీల్ చేసి ఉండాలి, నూనె నింపినది కాకూడదు. సీల్ పోతే ఆ నూనె తొట్టిలోకే వస్తుంది. రెండు, నీళ్లు తగిలే చోట ఇత్తడి, రాగి, జింక్ పూత ఏవీ ఉండకూడదు. రాగి కొద్దిగా కరిగినా చేపలకు విషమే.

బలహీనత పంపు నీళ్లు పీల్చుకునే జాలీలో ఉంది. దాని సందులు శుభ్రమైన నీళ్లకు సరిపోయేంత సన్నవి. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత, నాచు పట్టి ప్రవాహం కొద్దికొద్దిగా పడిపోతుంది, మొదట దెబ్బ తగిలేది సైఫన్‌కే. "నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ సైఫన్ మొదలవట్లేదు" అనే సమస్యల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే. లోపలి స్పాంజి తీసేసి, చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టను పంపు మీద బోర్లించండి. పీల్చుకునే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది, చిన్న చేపలూ చిక్కుకోవు. బుట్టను వారానికోసారి దులిపి, రోటార్‌ను నెలకోసారి తీసి కడిగితే చాలు. గట్టినీళ్లయితే రోటార్ మీద తెల్లటి పొర గరుకుగా చేతికి తగులుతుంది. వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి పెట్టండి. ఆ పొర ముదిరితే పంపు తిరుగుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఒకసారి కరెంటు పోయి వచ్చాక మాత్రం బిగుసుకుపోయి మళ్లీ మొదలవదు.

మొదలైనప్పుడు ఒకటి రెండు క్షణాలు టకటకమంటే భయపడక్కర్లేదు, ఈ రకం మోటారు ఏ వైపుకైనా తిరగడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు ఆగకుండా వస్తుంటే బుష్ అరిగింది. టైమర్‌తో గంటకు 15 నిమిషాలే నడపాలనుకుంటే పంపు నాలుగు రెట్లు పెద్దది కావాలి, మొదలుపెట్టిన ప్రతిసారీ అరుగుదల కూడా ఉంటుంది. బెల్ సైఫన్ ఉన్నప్పుడు ఆపకుండా నడపడమే మేలు.

కరెంటు ఖర్చు రోజుకు 0.96 యూనిట్, నెలకు సుమారు 29. బ్రష్‌లెస్ డీసీ పంపులు చాలావరకు ఇదే పని 20-25 వాట్లతో చేస్తాయి, వేగం తగ్గించుకునే వీలుంటుంది, బ్యాటరీ మీద నడుస్తాయి. అయితే వాటి అడాప్టర్, కంట్రోలర్ తేమకు తొందరగా పాడవుతాయి. 12 వోల్టుల వైరు పొడుగైతే వోల్టేజి పడిపోయి నీళ్లు తగ్గుతాయి. పొడిగా ఉండే చోటు దగ్గర్లోనే ఉంటే డీసీయే కొనమంటాను, లేదంటే ఈ ఏసీ పంపే.

ఏ పంపు కొన్నా, చేపల ఊపిరి దాని ఒక్కదాని మీదే పెట్టకండి. తొట్టిలో చేపలు కిక్కిరిసి ఉంటే పంపు ఆగిన గంట రెండు గంటల్లోనే అవి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు, ఒక ఎయిర్ స్టోన్ తప్పనిసరి. పంపును తొట్టిలోనే పెట్టేవాళ్లు అడుగున కాకుండా ఇటుక మీద, లోతులో మూడో వంతు ఎత్తులో పెట్టాలి. ఎక్కడైనా పైపు ఊడి నీళ్లు బయటికి పోతే పంపు ఆ మట్టం వరకే తోడుతుంది, చేపలకు కింద నీళ్లు మిగులుతాయి. ఆ తర్వాత నీళ్లు లేకుండా తిరిగితే నిమిషాల్లో వేడెక్కి రోటార్ బిగుసుకుపోతుంది, అందుకే ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టం తగ్గితే పంపును ఆపే తేలే స్విచ్) కూడా పెట్టుకోవాలి. ప్లగ్గు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) ఉన్న లైన్లోనే ఉండాలి. వైరు సాకెట్ కంటే కిందికి ఒకసారి వంగి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయండి.

కొనేటప్పుడు అదే మోడల్‌కి రోటార్, షాఫ్ట్ విడిగా దొరుకుతాయో లేదో అడగండి. దొరికితే ఒక సెట్టు అప్పుడే తీసి పెట్టుకోండి. దొరకవంటే వాట్లు, లీటర్లు ఎంత బాగున్నా ఆ మోడల్ వదిలేయండి.