మూడు నెలల్లో పీసీఓఎస్ పోగొడతామనే ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రి జరిగిన గొడవకి ఇంకా చేతులు వణుకుతున్నాయి. అయినా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ కొత్త బ్యాచ్ త్వరలో మొదలవుతోంది, మళ్లీ ఎంతమంది ఆడపిల్లలు డబ్బు కడతారో. అది నడిపే కోచ్ పేరు రాయను. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల పీరియడ్స్ తప్పడం, మొహం మీద వెంట్రుకలు, మొటిమలు రావడం లాంటివి ఉండే సమస్య), బరువు అని వెతికిన వాళ్లలో ఆమె వీడియోలు చూడనివాళ్లు తక్కువ, "మందులు లేకుండా మూడు నెలల్లో రివర్స్" అని చెప్పేది ఆమే.

నా సంగతి క్లుప్తంగా. నాకు పీసీఓఎస్ ఉంది, పీరియడ్స్ సరిగా రావు, డాక్టర్ మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ మెరుగ్గా పనిచెయ్యడానికి ఇచ్చే టాబ్లెట్) రాశారు, వ్యాయామం చెయ్యమన్నారు, బరువు మాత్రం కదల్లేదు, అందుకని చేరాను. "మీ శరీరానికి తగ్గట్టు పర్సనల్ ప్లాన్" అన్నారు. వచ్చిన చార్ట్‌లో పిండిపదార్థాలు దాదాపు లేవు, పాలు లేవు, గ్లూటెన్ (గోధుమల్లో ఉండే ప్రొటీన్) లేదు, రోజు మొత్తం కలిపినా 800 కేలరీలు దాటవు, పైగా రోజూ గంటకు పైగా కార్డియో. గ్రూప్‌లో పరిచయమైన ఒకమ్మాయి చార్ట్ పక్కన పెట్టి చూస్తే పేరు తప్ప అక్షరం తేడా లేదు. ఆ అమ్మాయికి అసలు బరువే సమస్య కాదు, సన్నగా ఉంటుంది (పీసీఓఎస్ సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది), అయినా అదే తిండి! టాబ్లెట్లు ఆపేస్తేనే ఒళ్లు బాగుపడుతుందని కోచ్ అందరికీ చెప్పేది. నేను ఆపలేదు, కొందరు ఆపేశారు, వాళ్ల గురించే ఇప్పుడు నాకు టెన్షన్.

మొదట్లో బరువు గబగబా తగ్గింది. తర్వాత ఆగిపోయింది. కళ్లు తిరగడం, చిరాకు, దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా ఊడే జుట్టు, అంతకుముందు ఆలస్యంగానైనా వచ్చే పీరియడ్ ఇక రానే రాలేదు. తిండి మరీ తగ్గించి బరువు వేగంగా తగ్గితే రెండు మూడు నెలల తర్వాత జుట్టు రాలుతుందని, ఒంటికి శక్తి చాలకపోతే అండం విడుదల కావడమే ఆగిపోవచ్చని మా డాక్టర్ చెప్పారు. ఇవి ఈ రంగంలో ఉన్నవాళ్లెవరికైనా తెలియాల్సిన మాటలు.

ఇదంతా కోచ్‌కి విడిగా మెసేజ్ పెట్టాను. గ్రూప్‌లో కాదు, విడిగా. చాలా మర్యాదగా, "మేడమ్, కళ్లు తిరుగుతున్నాయి, పీరియడ్ రాలేదు, ప్లాన్ కొంచెం మారుస్తారా" అని అడిగాను, అంతే. కాసేపటికి ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ నా పేరుతో సహా గ్రూప్‌లో పెట్టింది. దాని కింద నా ఫోటో. చేరేటప్పుడు ప్రోగ్రెస్ చూడటానికని పొట్ట, గడ్డం దగ్గర వెంట్రుకలు కనిపించేలా ఫోటోలు పంపమన్నారు, ఎవరికీ చూపించబోమని రాసిచ్చారు కూడా. ఇంట్లోవాళ్ల ముందు కూడా నేను దాచుకునే గడ్డాన్ని ముక్కూ మొహం తెలియని వాళ్లందరి ముందు పెట్టి, "చాటుగా తినేవాళ్ల శరీరం ఇలా ఉంటుంది, మనసు పెట్టి చేస్తే ఎందుకు తగ్గదు?" అని రాసింది. కొందరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. తీసెయ్యమని బతిమాలితే "నీ మంచికే పెట్టాను, సిగ్గేస్తేనే మారతావు" అని జవాబు. అప్పుడు నాకు ఒళ్లంతా చల్లబడిపోయింది. రీఫండ్ అడిగితే "ప్లాన్ పాటించనివాళ్లకి ఉండదు" అని గ్రూప్ నుంచి తీసేసింది. నేను ఏ పూట ఏం తిన్నానో రాసి పంపితే ప్రతిదానికీ "గుడ్" అని పెట్టింది తనే కదా! బరువు తగ్గితే ఆమె ప్లాన్ గొప్ప, తగ్గకపోతే నేను దొంగతిండి తిన్నట్టు, ఇదెక్కడి న్యాయం?

నా గడ్డం మీద వెంట్రుకలు దొంగతిండి వల్ల వచ్చినవి కావు. పీసీఓఎస్ ఉన్న మనలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, అందుకని శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అది అండాశయాల చేత మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది, ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్‌ను లివర్‌లో తగ్గిస్తుంది. వెంట్రుకలు, మొటిమలు అక్కడి నుంచి వస్తాయి. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాల్లో ఏ ఒక్క డైట్ మిగతావాటికన్నా మెరుగని తేలలేదని రాశారు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, ఒకదాని వెంట ఒకటి కాకుండా రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చెయ్యమన్నారు. బరువు తగ్గకపోయినా వాటి వల్ల మేలు ఉంటుందని కూడా చెప్పారు. లావుగా ఉన్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో పీరియడ్స్ మెరుగుపడతాయి. మనలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువ కాబట్టి వాటి గురించి అడిగి తెలుసుకోవాలని, బరువును బట్టి మనిషిని చిన్నచూపు చూడకూడదని కూడా అందులో ఉంది. ఆమె చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

చేరాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే రీఫండ్ షరతు చదవండి, చార్ట్ రాసేవాళ్లకి డైటీషియన్ చదువు ఉందో లేదో అడగండి, మీ రిపోర్టులు చూడకుండా చార్ట్ ఇస్తే వదిలెయ్యండి. ఒంటి ఫోటోలు పంపకండి. ఆమె చెప్పిందని మెట్‌ఫార్మిన్ ఆపినవాళ్లు దయచేసి ఈ వారమే మీ డాక్టర్‌తో మాట్లాడండి. మూడు నెలలుగా పీరియడ్ రాకపోతే అసలు ఆలస్యం చెయ్యకండి, గర్భసంచి లోపలి పొర మందంగా మారే ప్రమాదం ఉంటుంది.

ఆ గ్రూప్‌లో ఇంకా ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే నా ఫోటో అక్కడ ఉందో లేదో చెప్పండి. తీసెయ్యమని మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.