స్టేషన్‌కి రమ్మంటే: మాట్లాడటం మేలా, మౌనం మేలా?

"తప్పు సెయ్యనోడికి భయమేటి? ఎల్లి ఉన్నదున్నట్టు సెప్పీ" అంటారు మన శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లు. ఫోన్లో వీడియోలు చూసే కుర్రాళ్లేమో "పోలీసులకి ఒక్క ముక్క చెప్పొద్దు" అంటారు. ఈ రెండో మాట ఎక్కువగా అమెరికా వీడియోల్లోది. అక్కడ పోలీసులతో అన్న మాటే కోర్టులో సాక్ష్యం అవుతుంది. మన దగ్గర పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదు. ఆ మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే మాత్రం, దొరకడానికి దారి చూపిన ముక్క వరకు చెల్లుతుంది.

అయితే నోటికొచ్చింది చెప్పేయొచ్చా? అదీ కాదు.

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ గోడౌన్లో బస్తాలు పోయాయనుకుందాం. అనుమానం కళాసీ మీద పడింది. అతను ఆ రాత్రి బొబ్బిలిలో పెళ్లిలో ఉన్నాడు. ఎస్సై గారు ఫోన్ చేసి రమ్మన్నారు.

మొదటి దారి, ఒక్కడే వెళ్లి అంతా చెప్పేయడం. కేసు చిన్నదై, మాట తేలిగ్గా రుజువయ్యేదైతే ఒక్కోసారి అక్కడితో ముగిసిపోతుంది. కానీ టెన్షన్‌లో ఉన్న మనిషి ఎనిమిదింటికి బయల్దేరానంటాడు, ఫోన్ టవర్ తొమ్మిదన్నరకి కూడా పలాసలోనే చూపిస్తుంది. మరిచిపోయి చెప్పిన మాట కూడా అబద్ధంలాగే కనిపిస్తుంది. అది కోర్టులో సాక్ష్యం కాకపోయినా, దర్యాప్తు అక్కడి నుంచి అతని చుట్టూనే తిరుగుతుంది. విచారణలో రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. తెల్లకాగితం మీద అయితే ఎవరడిగినా పెట్టకండి.

రెండో దారి, నోరు విప్పకపోవడం. రాజ్యాంగంలోని 20(3) అధికరణ ఆ హక్కు ఇస్తోంది. అది కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణలో కూడా వర్తిస్తుందని నందినీ శత్పథి కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబివ్వక్కర్లేదు. మిగతా వాటికి నిజం చెప్పాల్సిందే, సాక్షిగా పిలిచినప్పుడు కూడా అంతే. హక్కు గట్టిదే, నష్టం మాత్రం వేరే చోట ఉంది. పెళ్లి మండపం పక్క షాపు సీసీ కెమెరాలో అతను కనిపించి ఉండొచ్చు. ఆ రికార్డింగ్ కొన్నాళ్లకే చెరిగిపోతుంది. అతను చెప్పకపోతే పోలీసులు దాని కోసం బొబ్బిలి దాకా వెళ్తారా? నాకైతే నమ్మకం లేదు. నిర్దోషికి పూర్తి మౌనం తెచ్చే నష్టం ఇదే.

చాలామంది మౌనంగా ఉండటాన్నీ, అసలు వెళ్లకపోవడాన్నీ ఒకటే అనుకుంటారు. వైజాగ్‌లో చుట్టాలింటికి వెళ్లి ఫోన్ ఆపేయడం మౌనం కాదు, పరారీ. విచారణకి హాజరు కమ్మని పోలీసులు 35(3) సెక్షన్ నోటీసు (పాత చట్టంలో ఇది 41ఏ, జనం ఇంకా అదే పేరుతో అంటున్నారు) ఇచ్చాక హాజరవుతూ ఉంటే, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోయినట్టే. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని వాట్సాప్‌లో వచ్చింది కదా అని పక్కన పడేయొద్దు, ప్లీడరు గారికి చూపించండి.

నేను ఓటేసేది మూడో దారికి: వెళ్లాలి, కానీ కాగితంతో వెళ్లాలి. ముందు ఎఫ్ఐఆర్ అయిందా, అందులో పేరుందా కనుక్కోవాలి. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్ఐఆర్‌లు ఇంటర్నెట్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. పేరుంటే ప్లీడరుతో మాట్లాడి, అరెస్టు భయం ఉంటే సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ సంగతి చూడాలి. ఆ తర్వాత ఆ రాత్రి ఎక్కడ ఉన్నాడో, ఎవరు చూశారో, ఏ షాపు కెమెరా భద్రపరచాలో పేజీన్నరలో రాసి ఇచ్చి, కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోవాలి. బస్సు టికెట్టు, ఫోన్‌పే చెల్లింపు జత చేయాలి. గుర్తులేని టైము రాయకూడదు. నోటితో అడిగితే "రాసిచ్చాను సార్, అదే నా మాట" అంటే చాలు. ఇది ఎస్సై గారికి నచ్చకపోవచ్చు, గదమాయించనూ వచ్చు. అయినా కాగితం ఫైల్లో ఉంటుంది, రేపు బెయిల్ దగ్గర "సహకరించడం లేదు" అంటే చూపించడానికి పనికొస్తుంది.

ఊరి పెద్దమనిషినో, నాయకుణ్ణో పట్టుకుని రాజీ మాట్లాడించడం మన దగ్గర నాలుగో దారి. గట్టు తగాదాల్లో అది పనిచేస్తుంది. దొంగతనం కేసులో మాత్రం చేయని తప్పుకి డబ్బు కట్టి బయటపడితే, ఊళ్లో ఆ పేరు నిలిచిపోతుంది. ఆ దారి నేను సిఫారసు చేయను.

ప్లీడరు ఫీజు భరించలేని వాళ్లకి శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. ఉచితంగా 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకీ, ఎస్సీ ఎస్టీలకీ, కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఇంట్లో ఆడవాళ్లనో అరవై దాటిన వాళ్లనో సాక్షులుగా విచారించాలంటే వాళ్లుండే చోటికే రావాలి, స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు.