అతుక్కుపోయిన వాడని స్టాంపులు: ఫ్రీజరా, తడి డబ్బానా, నీళ్లా? ఏది మేలు?

స్టాంపు వెనకుండే గమ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత స్టాంపులకు ఎక్కువగా తుమ్మబంక గానీ డెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి చేసే జిగురు) గానీ పూసేవారు, తర్వాతి కాలంలో పాలీవినైల్ ఆల్కహాల్ గమ్ వచ్చింది. తేమకు అన్నిటికంటే ముందు లొంగేది తుమ్మబంకే. వానాకాలంలో మెత్తబడి, పైనున్న షీట్ల బరువుకు కింది స్టాంపు ముఖానికి అంటుకుంటుంది. ఎండాకాలం రాగానే అక్కడే బిగుసుకుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఒక్క సీజన్ చాలు, పేర్చిన షీట్లన్నీ ఒకే అట్టముక్కలా తయారవుతాయి.

పద్ధతి ఎంచుకునే ముందు ఒకటి తేల్చుకోవాలి: మీకు గమ్ దక్కాలా, ముఖం దక్కితే చాలా? వాడని స్టాంపుకు పూర్తి ధర పలికేది గమ్ చెక్కుచెదరకుండా, హింజ్ (ఆల్బమ్‌లో స్టాంపును నిలిపే చిన్న జిగురు కాగితం) మచ్చ లేకుండా ఉన్నప్పుడే. స్విట్జర్లాండ్‌లో అచ్చయి 1948 ఆగస్టు 15న విడుదలైన గాంధీ స్టాంపుల్లాంటివైతే గమ్ పోవడమంటే విలువలో పెద్ద భాగం పోవడమే. ఉత్తరాలకు అంటించుకునే మామూలు 5 రూపాయల స్టాంపులకైతే ఆ బెంగ అక్కర్లేదు.

ముందుగా ఫ్రీజర్. చలికి గమ్ గట్టిపడి పెళుసవుతుంది. కాగితం, గమ్ ఒకే తీరుగా ముడుచుకోవు కాబట్టి రెండింటి మధ్య పట్టు సడలుతుంది. కట్టను జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, రాత్రంతా ఫ్రీజర్లో ఉంచండి. మర్నాడు బయటికి తీసిన వెంటనే, ఇంకా చల్లగా ఉండగానే, ఒక మూల నుంచి చదునైన మొన ఉన్న ట్వీజర్స్ గానీ పలచటి ప్లాస్టిక్ రేకు గానీ మెల్లగా దూర్చండి. సన్నగా చిటపటమని విడిపోతే అదృష్టమే, గమ్ దాదాపు అలాగే ఉంటుంది. రాకపోతే లాగొద్దు. మళ్లీ ఇంకో రాత్రి ఫ్రీజర్లో పెట్టండి.

దీనిలో జనం చేసే పొరపాటు ఆలస్యం. చల్లటి కాగితం మీద గదిలోని తేమ నిమిషాల్లోనే నీరుగా పేరుకుంటుంది. అప్పుడు విడిపోయిన స్టాంపు కూడా మళ్లీ అతుక్కుంటుంది. అందుకే ఏసీ గదిలో కూర్చుని, ఒక్కొక్క కట్టే బయటికి తీయాలి. రెండో ప్రమాదం వంచడం. మందంగా తుమ్మబంక పూసిన పాత స్టాంపును చల్లగా ఉన్నప్పుడు వంచితే గమ్ పగిలి, ఆ పగులు కాగితంలోకి కూడా దిగుతుంది. ఇక ఏళ్ల తరబడి బరువు కింద బిగిసిన కట్టల్లో ఈ పద్ధతి చాలాసార్లు పనిచేయదు. అయినా ముందు దీన్నే ప్రయత్నించమంటాం, ఎందుకంటే ఓపికగా చేస్తే ఇది విఫలమైనా నష్టం ఉండదు.

అసలు పని చేసేది తడి డబ్బా. ఇంగ్లీషులో స్వెట్ బాక్స్ అనేది ఇదే. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా తీసుకోండి. అడుగున స్పాంజి పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పిండితే కారనంత తడి మాత్రం ఉంచండి. దాని మీద ప్లాస్టిక్ జల్లెడ ముక్కను రెండు సెంటీమీటర్ల ఎత్తులో నిలబెట్టండి, స్టాంపులకు స్పాంజి తగలకూడదు. మూత లోపలి వైపు బ్లాటింగ్ పేపర్ అంటించండి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. మూతకు పట్టిన ఆవిరి చుక్కగా మారి స్టాంపు మీద పడితే, పడిన చోట గమ్ కరిగి గుండ్రటి మచ్చ మిగిలిపోతుంది.

కట్టను జల్లెడ మీద పెట్టి రెండు గంటలకోసారి చూడండి. మన ఊళ్ల వేడికి తుమ్మబంక నాలుగైదు గంటలకే వదలొచ్చు, పాలీవినైల్ గమ్‌కు ఒక రోజు కూడా పట్టొచ్చు. అంచుల దగ్గర వదులు కనిపించగానే పైది ఒక్కటి తీసి, మిగతా కట్టను మళ్లీ లోపల పెట్టండి. 48 గంటలు దాటనివ్వొద్దు, బూజు పడుతుంది.

విడదీసిన స్టాంపును ముఖం కిందికి, గమ్ పైకి ఉండేలా బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టండి. ఫ్యాన్ గాలి వద్దు. ఆరేటప్పుడు స్టాంపు చుట్టుకుపోతుంది, కంగారుపడి బరువు పెట్టకండి. గమ్ వేలికి అస్సలు జిగటగా తగలనప్పుడే బేకింగ్ పేపర్ మధ్య పెట్టి పుస్తకం కింద ఉంచాలి. కింది స్టాంపు ముఖం మీద మిగిలిన గమ్‌ను తడిపి పిండిన దూదితో అద్దుతూ తీయాలి, రుద్దితే సిరా లేస్తుంది. ముందే షీటు అంచు తెల్లకాగితం మీద రంగు పడిన చోట తడి దూది అద్ది సిరా వదులుతుందేమో చూసుకోవడం మంచిది.

ఈ పద్ధతికి ఒక ధర ఉంది: గమ్ మిగులుతుంది గానీ మునుపటి నునుపు, మెరుపు ఉండవు. ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకుంటే తెలిసినవాళ్లు ఇట్టే పసిగడతారు.

నీళ్లలో నానబెట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు ఉంచితే వాటంతట అవే విడిపోతాయి, గమ్ మొత్తం పోతుంది. వాడుకకు ఉంచిన స్టాంపులకు ఇదే హాయి, ఆరాక గ్లూ స్టిక్‌తో అంటించుకోవచ్చు. కెటిల్ ఆవిరి మాత్రం వద్దు. వేడిని అదుపు చేయలేరు, గమ్ ఒకచోట కరిగి ఇంకోచోట కరగదు. లైటర్ ఫ్లూయిడ్ స్టిక్కర్ జిగురుకు పనికొస్తుంది, నీటిలో కరిగే గమ్‌ను అది కదిలించలేదు.

కాబట్టి విలువైనవి, కొద్దిగా అంటుకున్నవి అయితే ఫ్రీజర్. విలువైనవే గానీ గట్టిగా బిగిశాయంటే తడి డబ్బా. మామూలువి నీళ్లలోకి. నాలుగు స్టాంపులు కలిసున్న బ్లాక్‌లో ఒకటి ఎలాగూ చిరిగేలా ఉంటే, మిగతా మూడింటి గమ్ కాపాడటానికి దాన్ని త్యాగం చేయడమే తెలివైన పని. ఈ లెక్కకు బయటివీ కొన్ని ఉన్నాయి: 2006 గంధం, 2007 గులాబీ, 2008 మల్లె పరిమళపు స్టాంపులకు తడి తగలనివ్వొద్దు, వాసన పోతుంది. 2011లో ఖాదీ బట్ట మీద వచ్చిన గాంధీ స్టాంపుకూ నీళ్లు పనికిరావు. వీటికి ఫ్రీజర్ ఒక్కటే దారి.

గమ్ పోయిన స్టాంపుకు కొత్తగా జిగురు పూసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఇది మోసమే. స్టాంపు అంచు చిల్లుల (పర్ఫరేషన్) పళ్ల చివర్లు గట్టిగా, జిగురు పట్టి ఉంటే అనుమానించండి, అసలు స్టాంపుకు ఆ చివర్లు పీచులా మెత్తగా ఉంటాయి. తడి డబ్బాలో విడదీసిన స్టాంపును మీరు అమ్మేటప్పుడు కూడా గమ్ చెదిరిందని కొనేవారికి ముందే చెప్పండి.