ప్వాతియేలోని రాడెగోండ్ చర్చి: మొక్కుకు పూర్తి మార్కులు, చరిత్రకు సగం

ఫ్రాన్స్‌లో పారిస్‌కు నైరుతి దిక్కున ఉన్న ప్వాతియే నగరంలో, ఆరో శతాబ్దపు ఫ్రాంకు (నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని అప్పట్లో ఏలిన జర్మానిక్ జాతి) రాణి రాడెగోండ్ పేరిట వెలసిన చర్చిని చూడాలనుకునేవారు ముందుగా ఆమె కథ చదువుకొని వెళ్లడం మంచిది. ఎందుకంటే ఈ కట్టడం ఆమెను పునీతురాలిగా చూపినంత చక్కగా మనిషిగా చూపదు.

బయటి నుంచి చూస్తే ఒకే భవనంలో అనేక కాలాలు కనిపిస్తాయి. గంటల గోపురం రోమనెస్క్ శైలిలోనూ, దాని కింది ప్రవేశద్వారం ఆ తర్వాత వచ్చిన గోథిక్ శైలిలోనూ ఉన్నాయి. లోపల నడుమ స్తంభాలు లేని విశాలమైన మండపం, దాని చివర నిండుగా రంగులు వేసిన గర్భాలయం కనిపిస్తాయి. అయితే ఆ రంగుల్లో ఎక్కువ భాగం పంతొమ్మిదో శతాబ్దంలో కొత్తగా దిద్దినవే కాబట్టి, వాటిని మధ్యయుగపు చిత్రలేఖనంగా భావించి మురిసిపోనక్కరలేదు.

ఇక్కడ అసలు చూడవలసింది మెట్లు దిగితే వచ్చే భూగర్భ మందిరం. అక్కడున్న నల్లని రాతి సమాధి పేటిక రాడెగోండ్‌ది. 1562లో మతయుద్ధాల వేళ హ్యూగనాట్లు (ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు) దాన్ని తెరిచి ఎముకలను కాల్చివేశారు కాబట్టి, లోపల మిగిలింది చాలా తక్కువ. అయినా భక్తులు రావడం మానలేదు. కోరిక తీరినవారు కృతజ్ఞతతో గోడలకు బిగించిన పాలరాతి పలకలను చూస్తే, మొక్కు తీర్చుకోవడం అన్న మాటకు మన గుళ్లలో ఎంత బరువుందో ఇక్కడా అంతే ఉందని అర్థమవుతుంది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ జబ్బు నుంచి కోలుకున్నందుకు అతని తల్లి ఆన్ సమర్పించిన రాడెగోండ్ పాలరాతి విగ్రహం కూడా ఇక్కడే ఉంది. దాని ముఖంలో ఆన్ పోలికలే చెక్కారని అంటారు. రాణికి మరో రాణి ముఖం అరువు ఇవ్వడం భక్తో, దర్పమో చూసేవారే తేల్చుకోవాలి.

ఇక్కడ కనిపించని కథే నాకు ముఖ్యం. రాడెగోండ్ నేటి జర్మనీలోని తురింజియా రాజకుమార్తె. 531లో ఫ్రాంకులు ఆ రాజ్యాన్ని కూల్చినప్పుడు ఆమె ఇంకా బాలిక. యుద్ధంలో దక్కిన సొత్తుగా క్లోతార్ రాజు వాటాకు వచ్చి, తర్వాత అతనికే భార్య అయింది. రాజు రాణిని కాదు, సన్యాసినిని పెళ్లాడాడని జనం అనుకునేవారట. మిగిలిన సోదరుణ్ణి కూడా రాజు చంపించాక ఆమె సన్యాస దీక్ష కోరుతూ బిషప్ మెదార్ వద్దకు వెళ్లింది. రాజు మనుషులు బిషప్‌ను బలిపీఠం దగ్గరినుంచి లాగబోతుంటే ఆయన తటపటాయించాడు. ఆమె మాత్రం తానే సన్యాసిని వస్త్రం ధరించి వచ్చి, దేవుడికన్నా మనిషికి ఎక్కువ భయపడుతున్నావా అన్నట్టు నిలదీసి, డీకనెస్‌గా (చర్చి సేవకు అంకితమైన స్త్రీగా) అభిషేకం చేయించుకుంది.

ఆ తర్వాత ప్వాతియేలో ఆమె స్థాపించిన మఠంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరపు బిషప్ సెజారియస్ రాసిన నియమావళిని అమలు చేశారు. దాని ప్రకారం సన్యాసినులు రోజూ చదవాలి, ప్రాకారం దాటి బయటికి రాకూడదు. 569 ప్రాంతంలో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి రెండో జస్టిన్ నుంచి యేసు సిలువ శకలాన్ని ఆమె తెప్పించుకుంటే, స్థానిక బిషప్ మరోవియస్ దాన్ని ప్రతిష్ఠించడానికి నిరాకరించాడు. ఆ సందర్భానికి కవి ఫోర్చునాటస్ రాసిన లాటిన్ స్తోత్రాలు నేటికీ చర్చిల్లో వినిపిస్తాయి. ఆయనే స్వయంగా అల్లిన బుట్టలో చెస్ట్‌నట్ కాయలు పంపుతూ రాసిన చిన్న పద్యం చదివితే, గంభీరమైన స్తోత్రాల కన్నా ఆ మఠపు దైనందిన స్నేహం బాగా తెలుస్తుంది.

587 ఆగస్టు 13న ఆమె కన్నుమూసింది. అప్పట్లో ఈ స్థలం కోటగోడకు వెలుపల ఉండేది. నియమం వల్ల సన్యాసినులు శవయాత్రతో రాలేక గోడల మీదినుంచి, కిటికీల నుంచి విలపించారని అంత్యక్రియలు జరిపిన టూర్ బిషప్ గ్రెగరీ రాశాడు. ఇది తెలిసినవారికే ఈ సమాధి ఎందుకు మఠంలో కాక ఇక్కడుందో అర్థమవుతుంది.

మండపంలోని గూటిలో ‘దేవుని అడుగు’ అనే రాయిని భద్రపరిచారు. మరణానికి ఏడాది ముందు ఆమెకు క్రీస్తు దర్శనం కలిగిందని ఆమె చరిత్ర రాసిన సన్యాసిని బౌడోనివియా చెప్పింది కానీ, పాదముద్ర మాట తర్వాతి కాలపు సంప్రదాయం. ఫ్రెంచ్ విప్లవకాలంలో మఠం నుంచి ఆ రాయి ఇక్కడికి చేరింది.

మఠం ఉన్న చోట ఇప్పుడు సెంత్-క్రువా మ్యూజియం ఉంది. చర్చి నుంచి అక్కడికి నడిచి వెళ్లవచ్చు కనుక రెండింటినీ ఒకే పూటలో చూడడం మేలు. మోకాళ్ల నొప్పులున్నవారు భూగర్భ మందిరపు మెట్లను దృష్టిలో పెట్టుకోవాలి. ప్రార్థనలు జరిగే వేళలను ముందే కనుక్కొని బయలుదేరాలి.