పోరుమామిళ్ల చెరువు: కట్ట, శాసనం, రాత్రి బస

కడప జిల్లా చూడ్డానికి వస్తామని ఎవరన్నా ఫోన్ చేస్తే ముందు గండికోట పేరే ఎత్తుతారు. పెన్న లోయ ఫొటోల్లో అట్లా ఉంటుంది మరి, కాదనలేం. కానీ నీళ్లూ, పాతకాలపు రాతిపనీ రెండూ ఇష్టమైన వాళ్లయితే నేను పోరుమామిళ్ల చెరువుకు పొమ్మంటాను. అసలు పేరు అనంతరాజ సాగరం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తున్నప్పుడు తవ్వించాడు. అక్కడి శాసనం 1369 నాటిది.

కడప నుంచి మైదుకూరు, బద్వేలు మీదుగా కార్లో వెళ్లాం. ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి. అయితే చెరువు ఊరికి తూర్పున కాస్త దూరం కాబట్టి బస్సు దిగినాక ఆటో తప్పదు. ఆటోకు ముందే రానూపోనూ మాట్లాడుకోండి, కట్ట దగ్గర తిరుగు బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఈ చెరువులో తెలివంతా చోటు ఎంచుకోవడంలోనే ఉంది. నాలుగు గుట్టలు వరసగా ఉంటే, వాటి నడుమ సందులను మూడు చోట్ల మట్టికట్టతో మూసేసి, కట్టకు కడప బండలు పేర్చారు. అంటే సగం పని కొండలే చేసిపెట్టాయి. కట్ట దిగి నీళ్ల వైపు బండల మీద కూర్చుంటే ఆ పేర్పు బాగా తెలుస్తుంది. కొన్నిచోట్ల బండకూ బండకూ మధ్య చిటికెన వేలు కూడా దూరదు. ఇంకొన్నిచోట్ల సర్కారు తుమ్మ మొలిచి, వేర్లు బండలను పైకి ఎత్తుతున్నాయి. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మా బావ కట్ట చూడ్డం మానేసి ఆ తుమ్మ మొక్కలను తిట్టుకుంటూ నడిచాడు.

శాసనం కోసం మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. దారి చూపే బోర్డు మాకు కనబడలేదు. మేకలు తోలుకుపోతున్న పెద్దాయనను అడిగితే, "ఆ రాతల రాయా సార్? భైరవుడి గుడికాడ ఉండాది, పోండి" అన్నాడు. రెండు బండల మీద చెక్కిన సంస్కృత శాసనం అది. చాలా అక్షరాలు అరిగిపోయాయి, వట్టి కంటితో చదవడం మన వల్ల కాదు. అందుకే పోయేముందే అందులో ఏముందో తెలుసుకుని పోవాలి. లేకపోతే రెండు నిమిషాలు చూసి వచ్చేస్తారు.

ఉన్నది మామూలు విషయం కాదు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్తుంది. అంతకంటే గొప్పది, మంచి చెరువుకు కావాల్సిన 12 అంగాలను వరసగా చెప్పడం. ధర్మం తప్పని రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల నుంచి పారివచ్చే తియ్యటి నీళ్ల ఏరు, దగ్గర్లోనే పొడవాటి తిన్నని రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషుల గుంపు... ఇట్లా సాగుతుంది. ఆ తర్వాత ఆరు దోషాలు: కట్ట నుంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. సరిహద్దు మాట వినగానే మా బావ గట్టిగా నవ్వాడు. సర్వీసంతా నీళ్ల పంచాయితీల ఫైళ్లతో గడిపిన మనిషి, నవ్వక ఏం చేస్తాడు?

వసతుల సంగతి చెప్పాలంటే, మేం పోయినప్పుడు కట్ట మీద టీ కొట్టు లేదు, బాత్‌రూమ్ లేదు. నీళ్ల బాటిళ్లు, టోపీ వెంట ఉండాలి. ఆడవాళ్లు, పిల్లలతో పోయేవాళ్లు ఊళ్లోనే అన్నీ చూసుకుని బయల్దేరడం మేలు. వానలు బాగా కురిసిన ఏడు నవంబరు, డిసెంబరుల్లో పోతే చెరువు నిండుగా ఉంటుంది, అదృష్టముంటే మరవ (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) పారడమూ చూడొచ్చు. ఎండాకాలం వద్దే వద్దు, ఆ బండల మీద కాలు పెట్టలేం.

రాత్రికి బద్వేలులో ఒక లాడ్జీలో దిగాం. ఏసీ గది పన్నెండొందలు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ, వేడినీళ్లు బకెట్‌లో తెచ్చిస్తామన్న కుర్రాడు ఎనిమిదైనా రాలేదు. ఇంకోసారి పోతే బ్రహ్మంగారి మఠంలోనే ఉంటాను. అక్కడ సత్రాలున్నాయి, వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి దర్శనం అవుతుంది, మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది. ఏసీ లేకపోతే నిద్ర పట్టనివాళ్లకు మాత్రం బద్వేలే నయం. తిండికి మైదుకూరులో ఆగండి. ఎర్రకారం పూసిన దోశ మీద పప్పుల పొడి చల్లి పెట్టారు, కారం తట్టుకోలేనివాళ్లు ముందే చెప్పుకోవాలి.

మఠం దాకా పోతే బ్రహ్మంసాగర్ కూడా చూసి రావొచ్చు. కృష్ణా నీళ్లను చెన్నైకి చేర్చే తెలుగుగంగ పథకంలో కట్టిన జలాశయం, 17 టీఎంసీలకు పైగా పడుతుంది. అక్కడ గాలి బాగుంటుంది, కారు దాదాపు నీళ్ల దాకా పోతుంది, పిల్లలకు అదే నచ్చుతుంది. నాకైతే ఒక గంట చాలనిపించింది. టైము ఒక్కదానికే ఉంటే పోరుమామిళ్లకే పోండి, పొద్దున ఏడింటికల్లా కట్ట మీద ఉండేటట్టు చూసుకోండి.